ఒక్కపొద్దు రోజు షుగర్ గోలీ

ప్రశ్న: మా అత్తమ్మకు 67 ఏళ్లు. పదకొండేళ్ల నుంచి షుగర్ ఉంది. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి గోలీ వేసుకుంటారు. నాలుగు నెలల కింద డాక్టర్ గోలీ మార్చారు. షీటు మీద ఉన్నది చూసి రాస్తున్నాను: గ్లిమెపిరైడ్ 2 మి.గ్రా., మెట్‌ఫార్మిన్ 500 మి.గ్రా. ఎస్సార్, వోగ్లిబోస్ 0.2 మి.గ్రా. మొన్న కార్తీక సోమవారం ఒక్కపొద్దు ఉన్నారు. గోలీ ఏ రోజూ మానొద్దని డాక్టర్ చెప్పారు కదా అని పొద్దున్నే నీళ్లతో వేసుకున్నారు. పదకొండు దాటాక దేవుడి దగ్గర కూర్చున్న మనిషి చేతిలో వత్తి పట్టుకుని అలాగే ఉండిపోయారు. జాకెట్టంతా చెమటతో తడిసిపోయింది. అత్తమ్మా అని పిలిస్తే నేనెవరో తెలియనట్టు చూశారు. మెషిన్‌లో 52 వచ్చింది. మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించాను. ఇరవై నిమిషాలైనా 55 దగ్గరే ఉంది. ఆటోలో దగ్గరి హాస్పిటల్‌కు తీసుకుపోతే గ్లూకోజ్ ఎక్కించారు. గంటలో తేరుకున్నారు, ఇంటికొచ్చేశాం. ఆ రోజు నుంచి గోలీ ముట్టడం లేదు. ఇవే నా ప్రాణం తీస్తాయి, కిడ్నీలు కూడా ఖరాబు చేస్తాయి అంటున్నారు. గోలీ అరగకుండా విరేచనంలో అలాగే పడుతోందని అంతకుముందు నుంచే ఆమెకు అనుమానం. అందుకని నెల రోజులు నేనే పొడి చేసి ఇచ్చాను. ఇప్పుడు పక్కింటివాళ్లు ఇచ్చిన ఏదో వేర్ల పొడి వాడుతున్నారు. ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. ఏం చేయాలి?
— ఒక కోడలు, మల్కాజిగిరి

సమాధానం: అమ్మా, ఆ చెమట, ఆ చూపు చూడగానే మీరు మెషిన్ తీసి షుగర్ చూశారు. ఆ రోజు ఆమెను కాపాడింది ఆ పనే. చాలాసార్లు ఆసుపత్రుల్లో కూడా అది తోచదు. నేను హౌస్‌సర్జన్‌గా ఉన్నప్పుడు ఒక రాత్రి ఒక పెద్దాయన్ని పక్షవాతం అని మోసుకొచ్చారు. కుడి చెయ్యి లేవడం లేదు, మాట ముద్దగా వస్తోంది. స్కానింగ్‌కు పంపే హడావిడిలో అందరం ఉన్నాం. ఒక నర్సమ్మ మాత్రం వేలికి సూది గుచ్చి చూసింది. 34. గ్లూకోజ్ ఎక్కిన కాసేపటికి ఆయన అదే కుడి చెయ్యి చాపి, నా చెప్పులెక్కడ అని అడిగారు. షుగర్ బాగా పడిపోతే మెదడు అలా ఆగిపోతుంది. తాగినవాళ్లలాగా, మతిపోయినవాళ్లలాగా, పక్షవాతం వచ్చినవాళ్లలాగా కనబడతారు.

కాబట్టి అత్తమ్మ భయాన్ని కొట్టిపారేయకండి. తనకు ఏం జరిగిందో ఆమెకు సగమే గుర్తుండి ఉంటుంది, ఆ సగం చాలు మనిషి వణికిపోవడానికి. కాకపోతే ఆమె మొత్తం గోలీని తప్పు పడుతున్నారు. అందులో ఉన్నవి మూడు మందులు, మూడింటిదీ తలో దారి. ఆ రోజు పని చెడగొట్టింది ఒకటి, చక్కెర నీళ్లు పనిచేయకుండా అడ్డుపడింది ఇంకొకటి. మూడోదాని తప్పు ఏమీ లేదు.

చెడగొట్టింది గ్లిమెపిరైడ్. అది క్లోమాన్ని తట్టి ఇన్సులిన్ విడుదల చేయిస్తుంది. మీరు అన్నం తిన్నారా, ఖాళీ కడుపుతో ఉన్నారా అన్నది దానికి పట్టదు. వేసుకున్నాక దాదాపు రోజంతా దాని ప్రభావం ఉంటుంది. తింటే ఆ ఇన్సులిన్‌కు పని దొరుకుతుంది. తినకపోతే అది ఒంట్లో ఉన్న కాస్త షుగర్‌నీ లాగేస్తుంది. గ్లిక్లజైడ్, గ్లిబెన్‌క్లమైడ్, గ్లిపిజైడ్ కూడా ఇదే కుటుంబం. మీ ఇంట్లో ఇంకెవరి షీటు మీదైనా ఈ పేర్లలో ఏదైనా కనిపిస్తే ఈ ఉత్తరం వాళ్లకు కూడా చదివి వినిపించండి.

మెట్‌ఫార్మిన్ అలా కాదు. రాత్రంతా కాలేయం తయారుచేసి రక్తంలోకి వదిలే షుగర్‌ను అది తగ్గిస్తుంది. విడిగా వాడినప్పుడు అది షుగర్‌ను ప్రమాదకరంగా పడగొట్టడం చాలా అరుదు.

వోగ్లిబోస్ దగ్గర మీకు ఎవరూ చెప్పని సంగతి ఒకటి ఉంది. అది పేగుల్లోనే పనిచేస్తుంది. మనం తిన్న అన్నం, రొట్టె, చక్కెర చిన్న ముక్కలుగా విరిగితేనే రక్తంలోకి వెళ్తాయి, ఆ విరగడాన్ని వోగ్లిబోస్ నిదానం చేస్తుంది. తిన్నాక షుగర్ ఒక్కసారిగా ఎగబాకకుండా ఉండటానికే దాన్ని ఇస్తారు. కానీ మీరు తాగించిన చక్కెర కూడా విరగాల్సిందే. చక్కెరలో గ్లూకోజ్, ఫ్రక్టోజ్ జంటగా అతుక్కుని ఉంటాయి. ఆ జంటను విడదీసే ఎంజైమ్‌నే వోగ్లిబోస్ పట్టి ఆపుతుంది. అందుకే మూడు చెంచాలు తాగించినా ఇరవై నిమిషాల్లో మూడు పాయింట్లే పెరిగింది. మీరేమీ తక్కువ చేయలేదు. ఈ గోలీ రాసినప్పుడే ఆ సంగతి మీకు చెప్పి ఉండాల్సింది.

వోగ్లిబోస్ గానీ అకార్బోజ్ గానీ వాడే ఇంట్లో చక్కెర డబ్బాను నమ్ముకోకూడదు. గ్లూకోజ్ పొడి ఉండాలి. అది ముందే విడిగా ఉన్న గ్లూకోజ్, విరగాల్సిన పని లేదు. మందుల షాపులో, కిరాణా కొట్టులో దొరుకుతుంది. కొనేటప్పుడు వెనక లేబుల్ చదవండి. గ్లూకోజ్ లేదా డెక్స్ట్రోజ్ అని ఉన్న ప్లెయిన్ పొడి తీసుకోండి. నారింజ, నిమ్మ రుచులవాటిలో చాలాసార్లు మామూలు చక్కెర కలిసి ఉంటుంది, మీకు పనికిరాదు. మూడు నిండు టీ చెంచాలు, అంటే సుమారు 15 గ్రాములు, అర గ్లాసు నీళ్లలో కలిపి తాగించాలి. పదిహేను నిమిషాలకు మళ్లీ చూడాలి. 70 దాటకపోతే ఇంకోసారి అంతే ఇవ్వాలి. గ్లూకోజ్ లేని చోట ఇరుక్కుంటే తేనె ఇవ్వొచ్చు, అందులోనూ విడి గ్లూకోజ్ ఉంటుంది. డబ్బా వంటింట్లో ఒకటి, ఆమె గుడికి పట్టుకెళ్లే సంచిలో చిన్న పొట్లం ఒకటి పెట్టండి.

స్పృహ లేకపోతే, మింగలేకపోతే నోట్లో ఏమీ పోయకండి. అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కు ఫోన్ చేయండి.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది 52 కాదు, ‘గంటలో తేరుకున్నారు, ఇంటికొచ్చేశాం’ అన్న మాట. గ్లూకోజ్ ప్రభావం గంటో రెండు గంటలో. గ్లిమెపిరైడ్ ప్రభావం రోజంతా. ఆ మధ్యాహ్నం మళ్లీ పడిపోయి ఉండొచ్చు, రాత్రి నిద్రలో పడిపోయి ఉంటే మీకు తెలిసేది కూడా కాదు. పడలేదు, అదృష్టం. ఈ రకం గోలీతో పెద్దవాళ్లకు షుగర్ పడిపోతే ఆసుపత్రిలో ఒక రోజు ఉంచి చూడటం మంచిది. ఇంటికి తెస్తే కడుపునిండా అన్నం పెట్టి, రెండు మూడు గంటలకోసారి, అర్ధరాత్రి కూడా లేపి షుగర్ చూడాలి.

ఇక గోలీ ఏ రోజూ మానొద్దన్న మాట. డాక్టర్ చెప్పింది తప్పు కాదు, సగం చెప్పారు. షుగర్ తగ్గింది కదా అని వారాలకు వారాలు మానేసేవాళ్లను చూసీ చూసీ మా నోటికి ఆ మాట అలవాటైపోయింది. ‘తిన్న ఏ రోజూ మానొద్దు’ అని చెప్పి ఉంటే మీ సోమవారం వేరుగా గడిచేది. గ్లిమెపిరైడ్ ఉన్న గోలీకి, కంచానికి ముడి ఉంది. కంచం ముందు కూర్చున్నాక, మొదటి ముద్దతో వేసుకోవాలి. వోగ్లిబోస్ కూడా మొదటి ముద్దతో పడితేనే పనిచేస్తుంది కాబట్టి రెండింటికీ ఆ వేళే సరైనది. అత్తమ్మ గోలీల డబ్బా ఇప్పుడు ఎక్కడుంటుందో నాకు తెలియదు. మంచం పక్కనో, దేవుడి గూటిలోనో ఉంటే తీసి వంటింట్లో కంచాలు పెట్టే చోట పెట్టండి. లేవగానే ఖాళీ కడుపుతో వేసుకునే అలవాటు దానంతటదే పోతుంది.

ఆమె మళ్లీ ఒక్కపొద్దు ఉంటానంటే? షుగర్ ఇలా పడిపోయి మనిషిని గుర్తుపట్టని స్థితి వచ్చాక కనీసం మూడు నెలలు ఉపవాసం వద్దు. రంజాన్ రోజాల గురించి షుగర్ డాక్టర్లు చెప్పే మాట కూడా ఇదే. టోలిచౌకి, మెహదీపట్నం వైపు డాక్టర్ల దగ్గర రంజాన్‌కు నెల ముందే గోలీ వేళలు మార్పించుకోవడానికి జనం వస్తారు, రోజాలో ఉండగా షుగర్ 70 కంటే కిందికి పడితే వెంటనే విప్పేయాలని వాళ్లకు చెప్పి పంపుతారు. మన ఇళ్లలో కార్తీకానికీ, ఏకాదశికీ, శివరాత్రికీ అలా ముందుగా అడిగే అలవాటు లేదు. ఇది నాకు చాలాకాలంగా బాధ కలిగించే విషయం. ఉపవాసం ఉంటానని చెబితే డాక్టర్ తిడతారని చెప్పకుండా ఉండేవాళ్లే ఎక్కువ. మూడు నెలల తర్వాత, గోలీ మారాక, డాక్టర్ ఒప్పుకుంటే పాలు, పండ్లతో ఉండొచ్చేమో అప్పుడు చూడొచ్చు. ఆ రోజు గ్లిమెపిరైడ్ ఉన్న పొద్దుటి గోలీ మాత్రం పడకూడదు, సాయంత్రం నక్షత్రం చూసి తిన్నాక ఎంత వేసుకోవాలో ముందే రాయించుకోవాలి.

నన్ను ఆలోచింపజేసే ప్రశ్న ఇంకొకటుంది. పదకొండేళ్లలో ఆమె ఎన్నో సోమవారాలు ఉండే ఉంటారు. ఈసారే ఎందుకు ఇంతగా పడిపోయింది? ఉపవాసం ఒక్కటే కారణం కాకపోవచ్చు. నాలుగు నెలల కింద గోలీ మారింది, అప్పటిదాకా గ్లిమెపిరైడ్ 1 ఉండి ఇప్పుడు 2 అయిందేమో పాత చీటీ తీసి చూడండి. రెండోది కిడ్నీ. కిడ్నీ మందగిస్తే గ్లిమెపిరైడ్ ప్రభావం ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది, నిన్నటిదాకా సరిపోయిన మోతాదు ఇవాళ ఎక్కువైపోతుంది. ఏళ్లుగా ఒకే గోలీ మీద బాగున్న మనిషికి ఉన్నట్టుండి షుగర్ పడిపోతుంటే నేను మొదట రాసేది కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష, క్రియాటినిన్.

ఆ రిపోర్టు చదవడంలో చాలామంది మోసపోతారు. క్రియాటినిన్ 1.3 వస్తే, కొంచమే ఎక్కువ, పర్వాలేదు అనుకుంటారు. కానీ 67 ఏళ్ల ఆడమనిషికి 1.3 అంటే కిడ్నీ వడపోత లెక్క, అదే ఇజీఎఫ్‌ఆర్, సుమారు 45. పాతికేళ్ల కుర్రాడికైతే అదే 1.3 పెద్ద విషయం కాదు. అందుకని రిపోర్టులో ఇజీఎఫ్‌ఆర్ కూడా రాసివ్వమని అడగండి. మీ దగ్గరి బస్తీ దవాఖానాలో రక్తం ఇస్తే ఈ పరీక్షలు ఉచితంగానే చేస్తారు. హెచ్‌బీఏ1సీ కూడా చేయించండి, మూడు నెలల సగటు తెలుస్తుంది.

మెట్‌ఫార్మిన్ కిడ్నీలు పాడుచేస్తుందన్న మాట హైదరాబాద్‌లో ఏ ఇంట్లో అడిగినా వినిపిస్తుంది. అది నిజం కాదు. కిడ్నీలను పాడుచేసేది ఏళ్ల తరబడి ఎక్కువగా ఉండే షుగర్, బీపీ. మెట్‌ఫార్మిన్ మూత్రంలోనే బయటికి పోతుంది, కాబట్టి కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్ల ఒంట్లో అది పేరుకుపోతుంది, అరుదుగా రక్తంలో ఆమ్లం పెరిగి ప్రాణం మీదికి వస్తుంది. అందుకే ఇజీఎఫ్‌ఆర్ 45 కంటే తగ్గితే మోతాదు తగ్గిస్తారు, 30 కంటే తగ్గితే ఆపేస్తారు. అలా ఆపడం చూసినవాళ్లు, కిడ్నీ పోవడం వల్ల గోలీ ఆగిందనుకోకుండా గోలీ వల్ల కిడ్నీ పోయిందనుకుంటారు. ఈ భయానికి పాత చరిత్ర కూడా ఉంది. దీని కుటుంబంలోదే ఫెన్‌ఫార్మిన్ అనే మందు ఆ ఆమ్లం సమస్యతోనే 1970లలో అమెరికాలో మార్కెట్ నుంచి పోయింది. మెట్‌ఫార్మిన్‌ను 1957 నుంచి మనుషులకు వాడుతున్నారు, సరైన కిడ్నీ ఉన్నవాళ్లకు అది నమ్మదగిన మందు. ఏడాదికోసారి, ఇజీఎఫ్‌ఆర్ 60 కంటే తక్కువ ఉంటే మూడు నుంచి ఆరు నెలలకోసారి పరీక్ష చేయించుకుంటే చాలు.

విరేచనంలో కనిపించే గోలీ సంగతి అత్తమ్మకు దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పండి. సబ్జా గింజలు నీళ్లలో వేస్తే చుట్టూ జిగురు ఉబ్బుతుంది కదా, ఎస్సార్ గోలీ కడుపులో అలాగే ఉబ్బుతుంది. ఆ జిగురులోంచి మందు గంటల తరబడి కొంచెం కొంచెంగా ఊరి బయటికొస్తుంది. మందంతా దిగిపోయాక మిగిలేది చెరకు పిప్పి లాంటిది. రసం పోయింది, పిప్పి బయటపడింది. ఆమె చూసింది ఆ పిప్పినే. గోలీ పనిచేస్తూనే ఉంది.

దాన్ని పొడి చేస్తే ఆ ఏర్పాటంతా పోతుంది. పది పన్నెండు గంటల్లో రావాల్సిన మెట్‌ఫార్మిన్ ఒక్కసారే కడుపులో పడుతుంది. వికారం, కడుపునొప్పి, విరేచనాలు అందుకే. గత నెలలో ఆమెకు ఇవేమైనా వచ్చి తిండి తగ్గిందేమో గుర్తు చేసుకోండి, తిండి తగ్గి ఉంటే షుగర్ పడిపోవడానికి అదీ ఒక చెయ్యి వేసినట్టే. ఎస్సార్, ఈఆర్, ఎక్స్ఆర్ అని ఉన్న ఏ గోలీనీ నలపకూడదు, నమలకూడదు, సగం చేయకూడదు. మింగడం కష్టమైతే చెప్పండి, వేరే రకం రాస్తారు.

వేర్ల పొడి ఇవాళే ఆపేయండి. మెంతులు, కాకరకాయ కూరగా తింటే ఎవరూ కాదనరు. పేరు, లేబుల్ లేని పొడుల్లో గ్లిబెన్‌క్లమైడ్ లాంటి గోలీలనే నూరి కలిపిన ఘటనలు అనేక దేశాల్లో బయటపడ్డాయి. అలాంటి పొడి అయితే ఆమె ఏ మందుకు భయపడి మానేశారో దాన్నే మోతాదు తెలియకుండా తింటున్నట్టు. అలాంటిది కాకపోతే ఇన్ని రోజులుగా ఏ మందూ లేకుండా ఉన్నట్టు. రెండూ ప్రమాదమే. కాబట్టి ఇవాళ పరగడుపున, తిన్న రెండు గంటలకు షుగర్ చూసి, ఆ అంకెలు పట్టుకుని ఈ వారంలోనే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. 300 దాటినా, మాటిమాటికీ మూత్రం, విపరీతమైన దాహం, మగత ఉన్నా ఆ రోజే వెళ్లాలి. పాత గోలీని మీ అంతట మీరు మళ్లీ మొదలుపెట్టకండి.

అక్కడ మీరు అడగాల్సింది ఒకటే: గ్లిమెపిరైడ్ తగ్గించొచ్చా, తీసేయొచ్చా? ఈ వయసులో హెచ్‌బీఏ1సీని 6.5కు దించాలన్న పట్టుదల అక్కర్లేదు. షుగర్ పడిపోయే స్వభావం ఉన్న పెద్దవాళ్లకు ఏడున్నర, ఎనిమిది దాకా సరే అనుకుంటాం. సిటాగ్లిప్టిన్ లాంటి గ్లిప్టిన్ రకం గోలీలు విడిగా వాడితే షుగర్‌ను ఇలా పడగొట్టవు. ఒకప్పుడు ఖరీదు, 2022లో పేటెంట్ ముగిశాక చాలా కంపెనీలు చేస్తున్నాయి, ధర దిగింది. ఏది సరిపోతుందో కిడ్నీ రిపోర్టు చూసి డాక్టరే తేల్చాలి, మీరు అడగడం మాత్రం మానకండి.

ఇంకా కొన్ని చిన్న మాటలు. వాంతులు, విరేచనాలు పట్టుకుని ఏమీ నిలవని రోజు గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ రెండూ ఆపి డాక్టర్‌కు ఫోన్ చేయాలి. షుగర్‌ను మూత్రంలోకి పంపే డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ గోలీలు వాడేవాళ్లు కూడా అంతే, వాళ్లకు షుగర్ మరీ ఎక్కువ లేకుండానే ఒంట్లో కీటోన్లు అనే ఆమ్లాలు పెరిగి విషమించొచ్చు. ఆపరేషన్ ఉంటే ఈ రెండూ మూడు రోజుల ముందే ఆపాలి. రంగు మందు ఎక్కించి సీటీ స్కాన్ చేస్తామంటే మెట్‌ఫార్మిన్ వాడుతున్నామని, కిడ్నీ లెక్క ఎంతో ముందే చెప్పండి. ఒక పూట మరిచిపోతే తర్వాతి పూట రెండు వేసుకోకూడదు. జ్వరానికో, ఫంగస్‌కో కొత్త మందు రాసినప్పుడు షుగర్ గోలీ షీటు చూపించండి, ఫ్లూకోనజోల్, కొన్ని యాంటీబయాటిక్స్ గ్లిమెపిరైడ్ బలాన్ని పెంచేస్తాయి. పదకొండేళ్లుగా మెట్‌ఫార్మిన్ వాడి ఉంటే బీ12 కూడా ఒకసారి చూపించండి. కాళ్ల తిమ్మిర్లు షుగర్ వల్లనే అనుకుంటాం, కొందరికి అవి బీ12 తగ్గడం వల్ల, ఇంజెక్షన్లతో తగ్గిపోతాయి.

ఈ కార్తీకంలో మిగిలిన సోమవారాలు అత్తమ్మను పొద్దున టిఫిన్ తినే దేవుడి ముందు కూర్చోమనండి. కాదంటే మీరు పోట్లాడకండి, ఆమె మాట వినే మనిషిని, గుడి పూజారినో ఆమె అన్నదమ్మునో, పిలిపించి చెప్పించండి. జబ్బు మనిషికి ఉపవాసం తప్పనిసరి కాదని పెద్దలెవరైనా చెబుతారు.

కొత్త గోలీ రాశాక షాపులో షీటు చేతికి రాగానే, ఇప్పుడు నాకు రాసి పంపినట్టే, మీద ఉన్న మందుల పేర్లు, మిల్లీగ్రాములు చీటీతో కలిపి చదవండి. ఈ కలగలుపు గోలీల పేర్ల చివర 1, 2 అని ఉండేది చాలావరకు గ్లిమెపిరైడ్ లెక్క, ఫోర్ట్ అని ఉంటే మెట్‌ఫార్మిన్ ఎక్కువని అర్థం. పేరు ఒకటే, డబ్బా రంగు ఒకటే, అంకె ఒక్కటే తేడా. ఆ కంపెనీది లేదు, ఇదీ అదే అని వేరేది ఇస్తే లోపలి మందులు, మోతాదులు అవేనా అని అడిగి, షాపులో ఉన్న ఫార్మసిస్ట్‌తో చెప్పించుకుని, చీటీతో సరిపోలిందాకా కౌంటర్ దగ్గర్నుంచి కదలకండి.